క్లీన్ అనే మాటతో వచ్చిన తంటా

ఈసారి మోటారు సైకిల్ చైను గురించి రాస్తున్నాను. వంటింటి మాటలు, పండుగ మాటలు, చుట్టరికాల మాటలు మనం చాలా నేర్చుకున్నాం. వాటి మీద నేను కూడా చాలా రాశాను. కానీ పోయిన వేసవిలో నాకు సరైన తెలుగు మాట రాకపోవడం వల్ల ఒక కుర్రాడి మోచెయ్యి గీరుకుపోయింది, మూడు రోజుల సంపాదన పోయింది. అందుకే ఇది.

కొత్తగా చదివేవారి కోసం నా సంగతి కొంచెం చెబుతాను. నాకు అరవై దాటాయి. చదువంతా ఇంగ్లీషు మీడియం. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పిన పిల్లల్లో నేనొకణ్ణి. అక్షరాలు యాభై దాటాక, ఇక్కడ దోహాలో, సొంతంగా నేర్చుకున్నాను. శుక్రవారం మందిరంలో సేవ చేస్తాను. మందిరం అంటే గోపురం ఉన్న గుడి అనుకోకండి, ఒక ఇంట్లో పెద్ద హాలు. చెప్పులు సర్దడం, దీపాలు తోమడం, ప్రసాదం గిన్నెలు మొయ్యడం నా పనులు.

అక్కడికి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి వస్తాడు. బైకు మీద భోజనాల పార్సిళ్ళు అందించే పని. ఒక శుక్రవారం అతని బండి గేటు దగ్గరికి వస్తుంటే కరకరమని చప్పుడు వినిపించింది. నేను కాలేజీ రోజుల్లో యెజ్డీ నడిపినవాణ్ణి. ఆ చప్పుడు మరిచిపోలేను. వంగి చూశాను. చైను పూర్తిగా ఎండిపోయి ఉంది. లింకుల మధ్య ఎర్రటి పొడి.

"నీ గొలుసు చూశావా బాబూ?" అన్నాను.

అతను వెంటనే మెడ తడుముకున్నాడు. తర్వాత నా వేలు ఎటు చూపిస్తోందో చూసి నవ్వాడు. "చైన్ అనుండ్రి సార్."

నాకు సిగ్గేసింది. నిఘంటువులో చైనుకు గొలుసు అనే ఉంది, అదే నేర్చుకున్నాను. సిగ్గుతో వెంటనే నాకు బాగా వచ్చిన భాషలోకి వెళ్ళిపోయాను. "ప్రతి వారం క్లీన్ చేసి లూబ్రికేట్ చెయ్యి" అన్నాను. "సరే సార్" అన్నాడు. నేను చెప్పింది అతనికి అర్థమైందని అనుకున్నాను. ఈ "సరే సార్" గురించి వేరే వ్యాసం రాయొచ్చు.

అతను ఏం చేశాడంటే, గదికి వెళ్ళి పైపు పెట్టి చైనును నీళ్ళతో కడిగాడు. ఆరకముందే ఒక మిత్రుడు ఇచ్చిన వాడేసిన ఇంజను ఆయిలు దండిగా పోశాడు. తర్వాతి శుక్రవారం చైను నల్లగా మెరిసిపోతోంది. చప్పుడు లేదు. నేను దగ్గరికి వెళ్ళి చూడకుండానే "వెరీ గుడ్" అన్నాను. ఇది నా రెండో తప్పు.

తర్వాత షమాల్ మొదలైంది. ఖతార్‌లో ఉన్నవారికి చెప్పక్కర్లేదు. మిగతావారి కోసం: షమాల్ అంటే అరబ్బీలో ఉత్తరం. వేసవిలో, ముఖ్యంగా జూన్, జూలైలలో వాయవ్యం నుంచి వీచే గాలి. దానితో సన్నటి దుమ్ము వస్తుంది. తలుపు సందుల్లోంచి కూడా వస్తుంది, ఇక తడి నూనె పూసిన చైనును వదులుతుందా? నూనె, ఇసుక కలిసి ముద్ద అవుతుంది. ఆ ముద్ద గరుకు కాగితం చేసే పనే చేస్తుంది, కాకపోతే రోజంతా చేస్తుంది.

చైను లోపల ఏముందో తెలిస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. ఇప్పుడు మనం వాడే రకం చైనును హాన్స్ రెనాల్డ్ అనే ఆయన 1880లో మాంచెస్టర్‌లో తయారు చేశాడు. ప్రతి లింకులో ఒక పిన్ను ఉంటుంది. దాని మీద ఒక చిన్న గొట్టం, దాన్ని బుష్ అంటారు. బుష్ మీద తిరిగే రోలర్. నూనె కావలసింది పిన్నుకూ బుష్‌కూ మధ్య, రోలర్ కింద. బయట పలకల మీద మెరిసే నూనె తుప్పును కొంత ఆపుతుందేమో కానీ అసలు పని చెయ్యదు. దుమ్మును మాత్రం పిలుస్తుంది. మెకానిక్కులు "చైను సాగింది" అంటారు కదా, నిజానికి ఇనుము రబ్బరులా సాగదు. వందకు పైగా ఉన్న పిన్నులు, బుష్‌లు ఒక్కొక్కటీ వెంట్రుకవాసి అరుగుతాయి. అన్నీ కలిస్తే చైను పొడుగవుతుంది. పొడుగైన చైను వదులుగా వేలాడుతుంది, స్ప్రాకెట్ పళ్ళను కూడా కొంకుల్లా అరగదీస్తుంది.

అలా వదులైన చైను ఒక రోజు సిగ్నల్ దగ్గర స్ప్రాకెట్ మీద నుంచి జారి, వెనక చక్రం పట్టేసింది. బండి పక్కకి పడింది. అప్పుడే కదులుతున్నాడు కాబట్టి మోచేతితో పోయింది. సల్వా రోడ్డు మీద అందరూ వెళ్ళే వేగంలో ఉంటే ఈ వ్యాసం రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. నా ఒక్క మాట వల్లే జరిగిందని అనను. ఆ చైను అప్పటికే ముసలిది. కానీ "మీరే అన్నరు కద సార్, క్లీన్ చెయ్యమని. మంచిగ కడిగిన" అని అతను అమాయకంగా అన్నప్పుడు నాకు జవాబు దొరకలేదు.

ఆ రాత్రి ఆలోచిస్తే తెలిసింది. క్లీన్ అనేది చాలా బద్ధకమైన మాట. మందిరంలో పెద్దమ్మలు నాకు ఆ మాట వాడనిచ్చేవారే కాదు. ఇత్తడి దీపాలు చింతపండుతో తోమాలి. గచ్చు తుడవాలి. జంపఖానా దులపాలి. గిన్నెలు కడగాలి. పళ్ళెం తొలవాలి. ఒకసారి నేను "జంపఖానా కడిగాను" అంటే, "తడిపేశావా నాయనా!" అని ఒకావిడ కంగారుపడింది. ఇంగ్లీషులో ఒక్క మాటతో గడిచిపోయే చోట తెలుగులో అయిదు పనులు ఉన్నాయి. ఆ అయిదూ నాకు వచ్చు. బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవి గుర్తుకు రాలేదు. ఇంజను ఉన్న వస్తువు ఇంగ్లీషుది అని నా బుర్రలో ఎక్కడో రాసి ఉంది.

అందుకని తర్వాతి వారం నా పాత టూత్ బ్రష్, గుడ్డపేలికలు, చైన్ క్లీనర్ డబ్బా, చైన్ లూబ్ డబ్బా పట్టుకెళ్ళి, కొత్త చైను ఎక్కించిన అతని బండి దగ్గర కూర్చున్నాను. ఈసారి క్రియలతో చెప్పాను.

బండి దిగగానే, చైను వెచ్చగా ఉండగా మొదలుపెట్టు. ఇంజను ఆపు. న్యూట్రల్‌లో పెట్టి డబుల్ స్టాండు వెయ్యి. చక్రాన్ని చేత్తోనే తిప్పు. (ఇంజను నడుస్తూ ఉండగా గేరులో పెట్టి, తిరిగే చైనుకు గుడ్డ పట్టేవాళ్ళని నేను చూశాను. గుడ్డ లోపలికి పోతే వెనకాలే వేళ్ళు పోతాయి. ఇది మాత్రం రెండుసార్లు చెప్పాను.) ముందు పొడి బ్రష్షుతో ఇసుక దులుపు. తర్వాత క్లీనర్ కొట్టి నాలుగు వైపులా రుద్దు. ఇనుప బ్రష్ వద్దు, పెట్రోలు వద్దు. కొన్ని చైన్లలో లింకు లింకుకూ సన్నటి రబ్బరు రింగులు ఉంటాయి, వాటిని అవి పాడుచేస్తాయి. పెట్రోలు అంటుకునే ప్రమాదం వేరే ఉంది. ఊళ్ళో అయితే కిరసనాయిలు వాడతారు. అతను దాన్ని గాసునూనె అన్నాడు, ఆ మాట నాకు కొత్త. గుడ్డతో తుడువు. ఆరనివ్వు.

ఇక నూనె. ఇక్కడ నాకు లూబ్రికేట్‌కు తెలుగు మాట కావాలి. నిఘంటువులో ఉన్నది నోరు తిరగని మాట. నేను తడబడుతుంటే అక్కడే ఉన్న పెద్దమ్మ అంది, "పట్టించమని చెప్పు నాయనా." పట్టించడం! తలకు నూనె పట్టించడం అందరికీ తెలుసు. ఎవరూ తల మీద సీసా బోర్లించరు. కొంచెం తీసుకుని కుదుళ్ళలోకి వెళ్ళేలా చేస్తారు. చైనుకు కూడా అంతే. కింది వరుసలో, చైను లోపలి వైపున, చక్రం నెమ్మదిగా తిప్పుతూ సన్నగా కొట్టాలి. బండి నడిచేటప్పుడు ఆ నూనె తనంతట తాను బయటి వైపుకు పాకుతుంది. టైరు మీద, బ్రేకు డిస్కు మీద పడకూడదు. కాసేపు ఆగి, పైన మిగిలిన నూనెను మళ్ళీ తుడిచెయ్యాలి. "పోసినంక తుడుసుడేంది సార్?" అన్నాడు. తల దువ్వుకునే ముందు కారే నూనె తుడుచుకోవూ అన్నాను. నవ్వాడు. ఈసారి "సరే సార్" అనలేదు, గుడ్డ అందుకున్నాడు.

ఇప్పుడు నా అభిప్రాయం. మనలాంటి నేర్చుకునేవాళ్ళకు రెండు రకాల సలహాలు వస్తాయి. చైను, బ్రేకు, గ్రీజు అన్నీ ఇంగ్లీషే కదా, వాటికి తెలుగు ఎందుకు అనేది ఒకటి. చైను అనకు, గొలుసు అను, అదే అసలు తెలుగు అనేది రెండోది. రెండూ తప్పే అంటాను. మెకానిక్ షెడ్డులో నామవాచకాలు వచ్చినవి కావచ్చు, వాటిని నడిపించేవి మన క్రియలే. చైను సాగింది. పళ్ళు అరిగాయి. బోల్టు బిగించు, మరీ బిగిస్తే తెగుతుంది. కాస్త వదులు చెయ్యి. ఈ మాటలు రాకుండా గొలుసు అన్నంత మాత్రాన తెలుగు రాదు. అరుగు అంటే ఇంటి ముందు కూర్చునేది అని మాత్రమే నాకు చాలా ఏళ్ళు తెలుసు. తిన్నది అరగడం, చెప్పులు అరగడం, పళ్ళు అరగడం ఒకే మాట అని ఒక స్ప్రాకెట్ చూపించి నేర్పింది అతనే.

ఇంకో మాట కూడా అనాలి, ఇది భాష గురించి కాదు. చిన్న బళ్ళ మాన్యువల్స్ చాలావాటిలో సుమారు 500 నుంచి 1000 కిలోమీటర్లకు ఒకసారి చైను చూడమని ఉంటుంది. ఈ అబ్బాయి రోజుకు 150 తిరుగుతాడట. అంటే ఈ ఇసుకలో వారానికి ఒకసారి తప్పదు. పని పావుగంట. కానీ ఆ పావుగంట అతనిదే, డబ్బాల ఖర్చూ అతనిదే. ఆర్డరు ఎన్ని నిమిషాల్లో చేరిందో లెక్కపెట్టేవాళ్ళు చైనుకు నిమిషాలు లెక్కలో వెయ్యరు. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ నియమం ఉంది. అది మంచి నియమం. అప్పుడు చేసుకోవచ్చు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. అది మనిషి నీడలో పడుకోవడానికి ఇచ్చిన సమయం. బండి బాగు పని కూడా పనే, పని గంటల్లోనే ఉండాలి. కార్లలో తిరుగుతూ వేడి భోజనం తెప్పించుకునే మనం ఈ మాట అనకపోతే ఎవరంటారు?

మొన్న శుక్రవారం నేను కింద కూర్చుని కింది వరుస మధ్యలో వేలు పెట్టి చైను పైకీ కిందికీ ఆడించి చూశాను. రెండు, మూడు సెంటీమీటర్ల మధ్య ఆడింది. అతని బండి మాన్యువల్‌లో కూడా అంతే ఉంది. లింకుల మధ్య ఎర్రపొడి లేదు. "బాగా తుడిచావే" అన్నాను.

"తుడువలే సార్, టైం లేకుండె. దులిపిన అంతే," అన్నాడు. "తుడుసుడు రేపు."