నాలుక సాక్ష్యం చెల్లదు

పొడపత్రి ఆకు కాసేపు నమిలి, చిటికెడు చక్కెర నోట్లో వేసుకోండి. తీపి తెలియదు, ఇసుక నమిలినట్టుంటుంది. షుగరుకు ఆకుమందు అమ్మేవాళ్లకు ఇదే తిరుగులేని రుజువు: ‘నోట్లో చక్కెరను చంపిన ఆకు ఒంట్లో చక్కెరను చంపదా?’ వికారాబాద్, తాండూరు వైపు దానికి అనంతగిరి కొండ పేరు కూడా తోడైతే ఇక అడిగేవాడుండడు.

అడగాలి. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపిని పసిగట్టే నాలుక గ్రాహకాలను కాసేపు అడ్డుకుంటాయి, అంతే. చక్కెర చక్కెరగానే కడుపులోకి పోతుంది. ఆకులో మందుగుణం ఎంతుందో తేల్చాల్సింది రక్తపరీక్ష.

అనంతగిరి పేరు సంగతీ చూద్దాం. కొండ మీద నిజాం కాలం నాటి క్షయ దవాఖాన ఉంది. మందుల్లేని రోజుల్లో క్షయకు మంచి గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. ఆ క్రిమిని చంపింది మాత్రం 1940లలో మొదలైన స్ట్రెప్టోమైసిన్ వంటి మందులే. పేరు కొండ గాలికి దక్కింది.

షుగరుతో చిక్కేమిటంటే, నొప్పి ఉండదు. గోలీలు మానేసి ‘నాకేం కాలేదు’ అనేవాడే ఆకుమందుకు ప్రచారకుడు. లోపల మాత్రం ఏళ్ల తరబడి పెరిగిన చక్కెర రెటీనాలోని సన్నటి రక్తనాళాల గోడలను బలహీనం చేస్తుంది. అవి అక్కడక్కడ ఉబ్బి, నీరూ నెత్తురూ కారుస్తాయి. కొన్ని పూడుకుపోతాయి. నెత్తురందని చోట కొత్తవి పుట్టుకొస్తాయి, అవి మరీ పెళుసు, ఇట్టే చిట్లుతాయి. చూపు మసకబారేసరికే జబ్బు ముదిరి ఉండొచ్చు.

మెదడు నాళాలకూ ఇదే ముప్పు. ఒకటి మూసుకుపోతే మూతి వంకరపోతుంది, చెయ్యి పడిపోతుంది. ‘గాలి సోకింది’ అంటూ పావురం నెత్తురు పూయించడానికి పరుగెత్తుతారు. నాళంలోని నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే పడాలి. ఆ గడువు కాస్తా పూతల్లో పోతుంది.

మధుమేహం, అంధత్వం, పక్షవాతం నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి మాయచికిత్సల ప్రకటనల చట్టం కింద నేరం. అయినా బేరం ఆగదు, కొనేవాడు రుజువు అడగడు గనక.

మూడు నెలల సగటు చక్కెరను హెచ్‌బీఏ1సీ పరీక్ష చెబుతుంది. ఆకుకు ముందొకటి, తర్వాతొకటి, ఆ కాగితాలు చూపించమనండి. చూపించినా డాక్టరు చెప్పందే గోలీలు మానొద్దు. ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. చూపు బాగున్నవాళ్లే ముందు వెళ్లాలి, కాపాడుకోవడానికి చూపు ఇంకా మిగిలుంది వాళ్లకే.