విమాన ప్రమాదాలు - యంత్రలోపాలు

సంపాదకులకు,



విమానం కూలిందన్న వార్త రాగానే బళ్ళారిలో మేము రెండే ప్రశ్నలు వేస్తాము: ఏ యంత్రం చెడింది? లేదా ఎవరు కుట్ర చేశారు? 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు మా పొరుగున, నాటి కర్నూలు జిల్లా నల్లమలలో కూలి ఐదుగురు మరణించినప్పటి వాదం కౌల్‌బజారు హోటళ్ళలో ఇంకా తెగలేదు. తెలుగువారూ, కన్నడిగులూ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయులే!

విచారణ జరిపిన ఆర్.కె. త్యాగి కమిటీ చెప్పినది వేరు. బేగంపేటలో బయలుదేరిన ఆ బెల్ 430 హెలికాప్టరులో దారిమధ్య ఒక హెచ్చరిక కనిపించింది. ఇంజను బలాన్ని పైరెక్కలకు అందించే గేర్ల పెట్టెలోని చమురు ఒత్తిడికి సంబంధించినదది. ఏమి చేయాలో పుస్తకంలో వెదకుతూ పైలట్లు కొన్ని నిమిషాలు అందులోనే మునిగిపోయారు. బయట చూస్తే వాతావరణం విషమించింది. చివరకు మేఘాలలో గాలి బలంగా క్రిందికి త్రోయగా హెలికాప్టరు అదుపు తప్పింది. అనగా ఆ లోపం దానిని నేరుగా కూల్చలేదు. నడిపేవారి దృష్టిని కాజేసింది.

ఇది మన దేశానికే పరిమితం కాదు. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలో మయామీ వద్ద దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానంలో ముందుచక్రం దిగినట్టు తెలిపే దీపం వెలగలేదు. బల్బు మాడింది, అంతే. చక్రం దిగే ఉన్నది. కాక్‌పిట్‌లోని వారందరూ ఆ బల్బు మీదనే పడ్డారు. ఈలోగా, విమానాన్ని ఒకే ఎత్తున నిలిపే ఏర్పాటు తమకు తెలియకుండానే విడిపోయింది. మెల్లగా క్రిందికి జారుతున్న సంగతి గమనించినవారు లేరు. 101 మంది పోయారు. మా వీధి లారీడ్రైవరుకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపడలేదు. "అందరూ మీటరు చూస్తే రోడ్డు ఎవరు చూస్తారు సార్?" అన్నాడు.

యంత్రం చెడిందా అని అడగడం తప్పు కాదు, అక్కడే ఆగడం తప్పు. చెడిన క్షణాన విమానం నడిపినదెవరు, మరమ్మతు చూసినదెవరు, పుస్తకంలో కావలసిన పుట వెంటనే దొరికిందా అనికూడా అడగాలి. అంతర్జాతీయ నియమం ప్రకారం ఇట్టి విచారణ ఉద్దేశం నేరస్థుని పట్టుకోవడం కాదు, ప్రమాదం మళ్ళీ జరగకుండా చూడడం. ఐతే నివేదికలు ఇంగ్లీషులోనే ఉంటే మా హోటలు వాదం ఎట్లా తెగుతుంది? 2012లో ఏర్పడిన కేంద్ర విమాన ప్రమాదాల విచారణ సంస్థవారు ప్రతి నివేదిక సారాన్ని తెలుగులోనూ, కన్నడంలోనూ ప్రకటించాలని కోరుతున్నాను. నాలుగు పుటలు చాలును. కూలిన శకలాల ఫోటోకు ఇచ్చేపాటి చోటు తమవంటి పత్రికలవారు దానికీ ఇవ్వవలెనని మనవి.

- ఒక పాఠకుడు, బళ్ళారి