కుళాయినీటి పరీక్ష

నీరు తేటగా నున్నచో నిర్దోషమని నమ్ముట మనకు తరతరాల అలవాటు. కాని ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. త్రాగునీటిలో హద్దు మీరినను నాలుక దానిని పసిగట్టజాలదు. కాచినచో క్రిములు నశించునుగాని ఫ్లోరైడు తొలగదు. నీరు ఇగిరినకొలదియు దాని పాలు హెచ్చును. కావున దానిని కనుగొనుటకు పరీక్షయే శరణ్యము.

ఈ కీడు క్రొత్తది కాదు. నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి కలదని వైద్యులు 1937లోనే ప్రకటించిరి. పండ్లపై గారలు, బిగిసిన కీళ్ళు, వంగిన వెన్నులు దీని చిహ్నములు. ఎముకలకు సోకిన హానిని పూర్తిగా మాన్పు మందు లేదు. లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు విధానమునకు నాగపురమందలి జాతీయ పరిశోధన సంస్థ 'నల్లగొండ పద్ధతి' యని పేరిడినది. శాస్త్రగ్రంథములలో మన జిల్లా పేరు ఇట్లు నిలుచుట గర్వకారణమా, లజ్జాకారణమా?

తెలంగాణమున మిషన్ భగీరథ మూలమున నదీజలములు పల్లెలకు వచ్చినవి. ఆ మేలును కాదనువారము కాము. కాని నదినీరు ఆగిన దినమున ఊరి ట్యాంకులోనికి బోరునీటి నెక్కించినచో, కుళాయి త్రిప్పు ఇల్లాలికి ఆ భేదము తెలియు టెట్లు? శుద్ధికేంద్రమున జరిగిన పరీక్ష ఊరిచివరి కుళాయికి సాక్ష్యము కాజాలదు.

2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ ప్రతి గ్రామమునను అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని విధించినది. నీటిలో ద్రావకము కలిపి, మారిన రంగును పట్టికతో సరిచూచుట మన ఆడుబిడ్డలకు అసాధ్యమైన విద్య కాదు. సందేహమున్నచో ప్రయోగశాల తేల్చును. అయితే, తేలిన అంకె దప్తరములలో నిదురించిన నేమి ప్రయోజనము?

కావున మేము కోరునది స్వల్పము. బడి, అంగన్‌వాడీల కుళాయిలను ముందుగా పరీక్షింపవలయును. బోరునీటిని పరీక్షింపక ట్యాంకున కలుపరాదు. తేదీతో, అంకెతో ఫలితమును పంచాయతీ గోడపై తెలుగున వ్రాయవలయును. హద్దు మీరినచో ఆనాడే వేరు నీ రందింపవలయును. పరాయి పాలనలో 1937నాడే బయటపడిన కీడును స్వతంత్ర భారతమున పసిబిడ్డలు తమ యెముకలతో తెలిసికొనవలసిన దుర్గతి పట్టరాదు.