సీసా మీద అంకె, సిరంజి మీద అంకె

ఇన్సులిన్ ఎంత తీసుకుంటున్నారని అడిగితే, ఆలేరులో మా ఓపీకి వచ్చే షుగర్ పేషెంట్లు చాలామంది "పొద్దున ఇరవై, రాత్రి పది" అని టక్కున చెబుతారు. ఏ సీసా, ఏ సిరంజి అంటే మాత్రం పక్కనున్న కొడుకు ముఖం చూస్తారు. ఆ ఇరవై అసలు ఎంతో తేల్చేది ఈ రెండో జవాబే.

ఇన్సులిన్ పెప్టైడ్ హార్మోన్. మింగితే కడుపులోనే జీర్ణమైపోతుంది కాబట్టి ఎక్కువగా ఇంజెక్షన్‌గానే తీసుకుంటారు. మన దగ్గర సీసాల్లో రెండు గాఢతలున్నాయి. ఒక ఎంఎల్‌కు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది మరొకటి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి.

ఇవి తారుమారైతే? 100 సీసా మందును 40 సిరంజిలో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. చెమటలు, వణుకు, చివరికి స్పృహ తప్పొచ్చు. 40 సీసాకు 100 సిరంజి వాడితే వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ తగ్గడం లేదని డాక్టర్ డోసు పెంచుతారు. ఏ రోజో సరైన సిరంజి చేతికొస్తే ఆ పెంచిన డోసే ప్రమాదం.

బరువు తగ్గేందుకూ వాడుతున్న టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశంలో సీసాల్లో వచ్చింది. దాని డోసు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఇన్సులిన్ సిరంజి మీది యూనిట్లను ఆ మిల్లీగ్రాములనుకోవద్దు.

తప్పంతా పేషెంటుదే అంటే నేనొప్పుకోను. షుగర్‌తో చూపు మసకబారిన మనిషి చేతిలో సన్నటి ఇంగ్లిషు అక్షరాల సీసా పెడుతున్నాం. బ్రిటన్ 1983లోనే 100 గాఢతకు మారింది. మనమూ ఒకే గాఢతకు మారాలి. అంతవరకైనా ఆ అంకెను లేబుల్ మీద పెద్దగా, తెలుగులో కూడా వేయాలి. సీసా చూడకుండా మందుల షాపులో సిరంజి ఇవ్వకూడదు.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ సాయంత్రం ఇంట్లో అమ్మదో, తాతయ్యదో సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మీదా అంకె ఒకటేనా? గడువు తేదీ దాటలేదు కదా? మూత తీసిన తేదీ సీసా మీద రాశారా? తెరిచిన సీసా సాధారణంగా నాలుగు వారాలకు మించి వాడకూడదు. అంకెలు కలవకపోతే మీరే డోసు మార్చకండి. తర్వాతి డోసు వేసే ముందే రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి రండి.