తెర తీశాక

"ఆడపిల్లకి టీచరుద్యోగమైతే బాగుంటుంది." ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్ళలో ఉందా? బాగుండేది ఎవరికి అని మాత్రం ఎవరూ అడగరు. వేళకి ఇంటికొస్తుంది, వంట ఆలస్యం కాదు, వేసవి సెలవుల్లో పిల్లల్ని చూసుకుంటుంది. అంటే ఇంటికి బాగుంటుంది. ఆ పిల్లకి ఏం చేయాలని ఉందో, ఏం చేయగలదో అన్నది ఆ లెక్కలో ఎక్కడా కనపడదు.

ఈ మాటకి పాశ్చాత్య సంగీత ప్రపంచంలో ఒక తోబుట్టువు ఉంది. "స్త్రీలు చక్కగా నేర్పుతారు." ట్రంపెట్, ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్, ట్యూబా వంటి ఇత్తడి వాద్యాలు వాయించే స్త్రీలకి ఈ మెచ్చుకోలు తరచుగా తగులుతుంటుంది. ఎప్పుడు? ఆర్కెస్ట్రాలో మొదటి కుర్చీ ఇవ్వడానికి మనసు రానప్పుడు. వేదిక మగవాడికి, తరగతి గది ఆమెకి. పంపకం ఎంత న్యాయంగా ఉందో చూడండి!

కానీ ఈ పంపకం కూడా అబద్ధమే. బోధనకి అధికారం, మంచి జీతం, శాశ్వత పదవి ఉన్నచోట అది స్త్రీల పనిగా ఎన్నడూ లేదు. చిన్నపిల్లలకి సరిగమలు నేర్పడం స్త్రీల పని. విశ్వవిద్యాలయంలో ట్రాంబోన్ ప్రొఫెసర్‌గా కూర్చోవడం మగవాళ్ళ పని. ఇత్తడి వాద్యాల విభాగాల్లో స్త్రీలు ఈ రోజుకీ తక్కువే. ఇదెలా జరుగుతోందో అర్థం కావాలంటే ఆ కుర్చీ ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి.

యూరప్‌లోనూ అమెరికాలోనూ సంగీత విశ్వవిద్యాలయాల్లో ఇత్తడి వాద్యాలు నేర్పేవారు ఎక్కువగా వృత్తి కళాకారులే. పొద్దున రిహార్సల్, మధ్యాహ్నం పాఠాలు, రాత్రి కచేరీ. ఊళ్ళోని ఆర్కెస్ట్రాలో మొదటి ట్రంపెట్ వాయించేవారికి ఆ ఊరి విశ్వవిద్యాలయం పిలిచి కుర్చీ వేస్తుంది. విద్యార్థులు చాలామంది కళాశాల పేరు చూసి కాదు, గురువు పేరు చూసి చేరతారు. నాలుగైదేళ్ళ పాటు తలుపు మూసిన గదిలో ఒక్కరికి ఒక్కరుగా పాఠం. శ్వాస ఎలా తీయాలో, పెదవులు ఎలా బిగించాలో, ఏ నాదం "గొప్ప నాదమో" ఆ గదిలోనే నిర్ణయమవుతుంది. సిఫారసు ఉత్తరం రాసేదీ ఆ గురువే. ఎక్కడ ఖాళీ ఉందో చెవిలో చెప్పేదీ ఆ గురువే. రేపు ఎంపిక కమిటీలో కూర్చునేది కూడా ఆ గురువో, గురువు గారి స్నేహితులో.

ఇక ఆలోచించండి. ఒక స్త్రీకి మొదటి కుర్చీ దక్కకుండా చేస్తే ఒక ఉద్యోగమే పోవడం లేదు. దాని వెనుక నడిచొచ్చే ప్రొఫెసర్ పదవి పోతుంది. ఆ పదవిలో ఆమె తయారుచేయగలిగిన శిష్యులు పోతారు. ఆమెని చూసి "నేనూ ఈ వాద్యం పట్టుకోవచ్చు" అనుకోగలిగిన ఆడపిల్లలు పోతారు. ఒక్క తలుపు మూస్తే ఇన్ని తలుపులు మూసుకుంటాయి.

ఆబీ కోనాంట్ కథ ఈ పద్ధతినంతా బట్టబయలు చేసింది.

ఆమె అమెరికన్ ట్రాంబోన్ కళాకారిణి. 1980లో యూరప్‌లోని పదకొండు ఆర్కెస్ట్రాలకి దరఖాస్తు చేసింది. పిలుపు ఒక్కచోట నుంచే వచ్చింది. జర్మనీలోని మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ నుంచి. ఆ ఉత్తరంలో ఆమెని "శ్రీ" అని సంబోధించారు, పేరు చూసి మగవాడనుకున్నారు. పోటీదారుల్లో ఒకరు తెలిసినవారి కొడుకు కావడంతో, పక్షపాతం మాట రాకుండా ఆ రోజు తెర కట్టారు. గమనించండి, తెర కట్టింది స్త్రీల కోసం కాదు! ముప్ఫై ముగ్గురిలో ఆమెది పదహారో వంతు. ఆమె వాయించడం పూర్తికాగానే, ఇంక చాలు, మనకి కావలసింది ఈ మనిషే అని సంగీత దర్శకుడు సెర్జియు చెలిబిదాకె తేల్చేశాడు. మిగిలినవాళ్ళని వినకుండానే పంపించేశారు. తర్వాత ఆమెని పిలిచారు. తెర వెనుక నుంచి ఒక స్త్రీ నడిచొచ్చింది. కమిటీ బిత్తరపోయింది.

ఉద్యోగమైతే ఇచ్చారు. 1982లో ఆమెని మొదటి స్థానం నుంచి రెండో స్థానానికి దించారు. కారణం కూడా దాచలేదు. సోలో ట్రాంబోన్‌కి మగవాడు కావాలన్నారు. ఆమె కోర్టుకెళ్ళింది. అక్కడ ఆర్కెస్ట్రా చేసిన వాదన, ఆ విభాగానికి నాయకత్వం వహించే శారీరక బలం ఈమెకి లేదని. దాంతో ఆమె ఛాతీ కొలిచారు. యంత్రాల్లోకి ఊదించారు. రక్తం తీసి ప్రాణవాయువు ఎంత పీల్చుకుంటోందో పరీక్షించారు. అన్నింటా సగటు కంటే మెరుగ్గా తేలింది. మీరు క్రీడాకారిణా అని ఆస్పత్రి నర్సు అడిగిందట! అయినా వదల్లేదు. బయటి నిపుణుడి ముందు కూర్చోబెట్టి అతి కష్టమైన భాగాలన్నీ వాయించమన్నారు. ఆ నివేదికా ఆమె పక్షానే వచ్చింది. 1988లో కోర్టు ఆమెకి మొదటి స్థానం తిరిగి ఇచ్చింది. ఈసారి జీతం దగ్గర పట్టుకున్నారు. అదే హోదాలో ఉన్న మగవాళ్ళ కంటే తక్కువ తరగతిలో పెట్టారు. మళ్ళీ కోర్టు. అదీ గెలిచేసరికి 1993 వచ్చింది. అప్పటికే, 1992లో, ఆమె ట్రోసింగెన్ అనే చిన్న ఊళ్ళోని ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయంలో ట్రాంబోన్ ప్రొఫెసర్‌గా చేరింది.

ఈ కథని "చివరికి ఆమె గెలిచింది, ప్రొఫెసర్ కూడా అయింది" అని సుఖాంతంగా చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక కళాకారిణి జీవితంలో పదకొండేళ్ళు ఊపిరితిత్తులకి సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి, జీతం చీటీలు సరిపోల్చుకోవడానికి ఖర్చయ్యాయి. దీన్ని గెలుపంటే ఓటమికి ఏం పేరు పెట్టాలి? ప్రొఫెసర్ పదవి ఆమెకి ఎవరో చేసిన ఉపకారం కాదు, ఓదార్పు బహుమతి అంతకన్నా కాదు. ఆ అర్హత ఆమెకి 1980లో తెర వెనుక వాయించిన రోజునే ఉంది.

బలం సంగతి కూడా తేల్చుకుందాం. ఇత్తడి వాద్యం వాయించడానికి శ్వాస మీద అదుపు కావాలి, పెదవి కండరాలకి సాధన కావాలి. పహిల్వాను ఛాతీ అక్కర్లేదు. మన పల్లెల్లో తరతరాల ఆడవాళ్ళు పొగ మింగుతూ, కళ్ళు మండుతుంటే, పచ్చి కట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో ఊది ఊది మండించారు. అది కూడా గొట్టమే, అదీ ఊపిరే. ఆ ఊపిరి చాలదని ఏ మగవాడూ ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. అన్నం ఉడకడానికి సరిపోయిన ఊపిరి సంగీతానికొచ్చేసరికి చాలకుండా పోతుంది! నాదస్వరమూ మగవాళ్ళ వాద్యమనే అన్నారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా దగ్గర నేర్చుకున్న కాలీషాబీ, భర్త మహబూబ్ సుభానీతో సమానంగా కూర్చుని దశాబ్దాలుగా ఆ వాద్యం ఊదింది. 2020లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఊపిరికి లింగం లేదని ఇంకెన్నిసార్లు రుజువు చేయాలి?

తెర కడితే సమస్య తీరిపోతుందని వాదించే ఉదారవాదులున్నారు. తెర వల్ల స్త్రీల అవకాశాలు బాగా పెరిగాయని అమెరికాలో గోల్డిన్, రౌజ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైంది. ఆ అంకెలు అంత గట్టివి కావని ఈ మధ్య కాలంలో విమర్శలు కూడా వచ్చాయి. అంకెల తగాదా అలా ఉంచుదాం. నా వాదనకి వాటి అవసరం లేదు. మ్యూనిక్‌లో అవే చెవులు, అదే నాదం. తెర ఉన్నప్పుడు ఒక తీర్పు, తీశాక ఇంకో తీర్పు. సంగీత దర్శకుడి అభిరుచికి స్వేచ్ఛ ఉండాలనేవాళ్ళకి కూడా ఇదే నా జవాబు. ఆ అభిరుచి తన స్వేచ్ఛని 1980లోనే వాడుకుంది, ఆమెనే ఎంచుకుంది. తర్వాత మారింది అభిరుచి కాదు, కళ్ళ ముందున్న శరీరం.

తెర పది నిమిషాలే ఉంటుంది. ఉద్యోగం ముప్ఫై ఏళ్ళు. పైగా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ నియామకానికి తెర కట్టడం కుదరదు. అక్కడ పాఠం చెప్పి చూపించాలి, మనిషి కనపడాలి, కమిటీతో భోజనం చేయాలి. "మాలో ఇమడగలరా" అని చూస్తారు. ఆ "మాలో" అనే మాట ఎవరిదో వేరే చెప్పాలా?

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా నేర్పిన స్త్రీలున్నారు. వాళ్ళ పేర్లు మనకి తెలియాలి. కాన్‌స్టన్స్ వెల్డన్ 1957-58లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాలో ట్యూబా వాయించింది. తిరిగొచ్చి మయామి విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి నేర్పింది. ఎంపైర్ బ్రాస్ బృందంలో పేరు తెచ్చుకున్న సామ్ పిలాఫియన్ ఆమె శిష్యుడే. బెటీ గ్లోవర్ 1952 నుంచి 1985 దాకా సిన్సినాటి సింఫనీలో బాస్ ట్రాంబోన్ వాయిస్తూ అక్కడి సంగీత కళాశాలలో పాఠాలు చెప్పింది. అదే ఆర్కెస్ట్రాలో 1964 నుంచి 1996 వరకు ట్రంపెట్ వాయించిన మరీ స్పెజియాలె తర్వాత ఇండియానా, రైస్ విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ అయింది. నల్లజాతి ట్రాంబోన్ కళాకారిణి మెల్బా లిస్టన్ జాజ్ బృందాలకి వాయించింది, ఎన్నో రచనలకి వాద్య కూర్పు చేసింది. ఊరూరా తిరిగే ఆ బృందాల్లో తన మీద జరిగిన లైంగిక హింస గురించి ఆమే తర్వాత మాట్లాడింది. 1970లలో జమైకా సంగీత పాఠశాలలో ఒక విభాగాన్నే నడిపింది. "స్త్రీలు నేర్పుతారు" అనేవాళ్ళు తలచుకోవలసిన పేర్లు ఇవి. కానీ వీళ్ళెవరూ వాయించలేక నేర్పలేదు. వాయించారు కాబట్టి నేర్పారు.

కరోల్ జాంచ్ 2006లో, మిషిగన్ విశ్వవిద్యాలయంలో చివరి ఏడాది చదువుతుండగానే, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ట్యూబా స్థానం గెలుచుకుంది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ పుట్టింది 1882లో. దాని ఇత్తడి విభాగంలోకి మొదటి స్త్రీ, హార్న్ కళాకారిణి సారా విలిస్, అడుగుపెట్టింది 2001లో. ఈ పేర్లు చూపించి, "ఇంకా ఏం కావాలి మీకు?" అంటారు. నూట పందొమ్మిదేళ్ళకి ఒకరు వస్తే సంబరపడాలా, సిగ్గుపడాలా?

ఇంకో విషయం దాచితే ఈ వ్యాసానికి అర్థం ఉండదు. తలుపు మూసిన గది అన్నాను. ఆ గదిలో గురువు శిష్యురాలి పొట్ట మీద చెయ్యి వేసి "శ్వాస ఇక్కడి నుంచి రావాలి" అనగలడు. అది పాఠమో కాదో తేల్చుకోవలసిన భారం పద్దెనిమిదేళ్ళ పిల్ల మీద పడుతుంది. కాదంటే సిఫారసు ఉత్తరం పోతుంది. చెప్పుకుంటే ఆ చిన్న ప్రపంచంలో ఎక్కడా పిలుపు రాదు. ఇది నా ఊహాగానం కాదు. మ్యూనిక్‌లోనే, సంగీత విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా చేసిన ఒక పియానో కళాకారుడికి లైంగిక నేరాల కింద జైలు శిక్ష పడింది. 2019లో జర్మనీ ఫెడరల్ కోర్టు దాన్ని ఖాయం చేసింది. వాద్యం వేరు కావచ్చు, గది ఒకటే. అందుకే ప్రొఫెసర్ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది ఉద్యోగాల పంపకం గొడవ మాత్రమే కాదు. ఆడపిల్లలు భయం లేకుండా ఊపిరి తీసుకోగలరా లేదా అన్న ప్రశ్న. కుర్చీలో స్త్రీ కూర్చుంటే అన్నీ వాటంతటవే బాగుపడతాయని నేననను. అధికారాన్ని ప్రశ్నించే పద్ధతులు లేకపోతే ఆ కుర్చీ ఎవరినైనా పాడుచేయగలదు.

మరి స్త్రీలు ఎక్కడ నేర్పుతున్నారు? చాలామంది గంటల లెక్కన. విశ్వవిద్యాలయాలు పాఠాల్లో పెద్ద భాగాన్ని శాశ్వత పదవి లేని వాళ్ళతో చెప్పిస్తాయి. గంటకింత అని ఇస్తారు, సెలవుల్లో జీతం ఉండదు, కమిటీల్లో ఓటు ఉండదు. మన ప్రైవేటు కాలేజీల్లో, గెస్టు లెక్చరర్ల పేరుతో జరుగుతున్నది తెలిసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. స్త్రీలు నేర్పడానికి పనికొస్తారని పొగిడే నోరే వాళ్ళకి శాశ్వత పదవి అడిగితే మూతపడుతుంది.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. ఆర్కెస్ట్రా ఎంపికల్లో చివరి విడత దాకా తెర ఉండాలి. ఒకే హోదాలో ఉన్నవాళ్ళ జీతాలు అందరికీ తెలిసేలా ప్రకటించాలి. విశ్వవిద్యాలయ నియామక కమిటీల్లో బయటి స్త్రీ కళాకారులు ఉండాలి, ఎవరిని ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా చెప్పాలి. పాఠం గదులకి అద్దం తలుపులుండాలి. ఫిర్యాదు విభాగం ఆ గురువుల స్నేహితుల చేతిలో ఉండకూడదు. గంటల లెక్కన పనిచేసే కళాకారిణులకి ఓటు, సెలవు జీతం ఉండాలి. ఇవేవీ సంగీతానికి హాని చేసేవి కావు. హాని జరుగుతుందని ఎవరైనా అంటే, ఆ సంగీతాన్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది ప్రతిభ కాదని వాళ్ళే ఒప్పుకున్నట్టు.