కరగని ఆరు విగ్రహాలు

గండికోట మాధవరాయ ఆలయంలో గోపురం ఇంకా నిలిచే ఉంది. మంటప స్తంభాల మీద శిల్పాలున్నాయి. గర్భగుడి మాత్రం ఖాళీ. మూలవిరాట్టు లేడు, నిత్యపూజ లేదు. ఇలాంటి చోట మహిమల కథలు పుట్టడం సహజం. వాటిలో ఒకటి అది జరిగిందన్న కాలంలోనే కాగితానికెక్కింది కనుక పరీక్షించి చూడవచ్చు.

గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను గెలుచుకున్నాక, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చాడు. ఫిరంగులు పోయించడానికి మీర్ జుమ్లా ఎక్కడెక్కడి గుళ్ల రాగి విగ్రహాలనో తెప్పించి, క్లోద్ మాయ్ అనే ఫ్రెంచివాడికి పని అప్పగించాడని తన యాత్రాగ్రంథంలో రాశాడు. తక్కినవన్నీ కరిగాయట. గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత ఖర్చుపెట్టినా కరగలేదు. అర్చకులు మంత్రం వేశారని నవాబు మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడు. చివరికి మాయ్ పోసింది ఒక్క ఫిరంగి. అదీ పరీక్షలో పగిలింది.

భక్తుడికి ఇది మహిమ, నవాబుకు చేతబడి. మతాలు వేరైనా ఇద్దరూ కారణం తెలియని చోట మంత్రాన్నే నిలబెట్టారు.

కారణాన్ని కొలిమిలో వెతకాలి. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తగరం కలిస్తే కొంత తగ్గుతుంది. రాగి వేడిని ఒకచోట నిలవనివ్వదు, ఒళ్లంతా పంచేస్తుంది. దక్షిణాదిలో లోహ విగ్రహాలను ఎక్కువగా లోపల బోలు లేకుండా ఘనంగా పోస్తారు. టావెర్నియర్ లెక్కన ఆ ఆరింటిలో కొన్ని పదడుగులవి. అంత లోహం కరగాలంటే పెద్ద కొలిమి, ఆగని తిత్తులు, గుట్టలకొద్దీ బొగ్గు ఉండాలి. చిన్నవి కరిగి పెద్దవి కరగకపోవడానికి ఈ కారణం చాలు. ఫిరంగికి రాగి సుమారు తొమ్మిది పాళ్లు, తగరం ఒక పాలు ఉన్న కంచు కావాలి. విగ్రహాల లోహంలో సీసం కూడా ఉంటుంది. అది రాగిలో కలవక విడి బొట్లుగా నిలిచి లోహాన్ని బలహీనపరుస్తుంది. గుళ్లగుళ్ల లోహం కలిపి పోసిన ఫిరంగి పగలడం వింతేమీ కాదు.

మంత్రమే నిజమైతే తక్కిన ఊళ్ల దేవుళ్లు ఎందుకు కరిగారు? అక్కడి అర్చకులకు భక్తి తక్కువా? కరిగిపోయినవి పేరు తెలియని స్థపతుల చేతిపనులు. ఆరు విగ్రహాల మహిమను చెప్పుకుంటూ, పోయినవాటి కోసం మనం ఒక్క మాటైనా అనం. నాకు బాధ కలిగించేది ఇదే.

కారణం వెతక్కుండా మహిమను నిలబెట్టడం గ్రీసులోనూ ఉంది. క్రీ.పూ. 356–346 మధ్య ఫోకియన్లు డెల్ఫీలోని అపోలో ఆలయ కానుకలను కరిగించి కిరాయి సైనికులకు జీతాలిచ్చారు. వాళ్లు ఓడిపోతే అపోలో ఆగ్రహమన్నారు. పదేళ్లు ఆ సొమ్ముతోనే యుద్ధం నడిచినప్పుడు ఆ ఆగ్రహం ఏమైంది? వాళ్లను లొంగదీసింది మాసిడోనియా రాజు ఫిలిప్.

మన దగ్గర మంత్రాల మీద ఆ నమ్మకం ఇంకా పోలేదు. రాయలసీమ పాడుబడ్డ గుళ్లకు ఇప్పుడు గుప్తనిధుల పిచ్చి పట్టుకుంది. అమావాస్య రాత్రి నిమ్మకాయలు, కుంకుమతో పూజ చేసి నంది పీఠాన్ని గునపాలతో పెకలిస్తారు. గుడి సంపద ఎక్కడుండేదో శాసనాలే చెబుతాయి: మాన్యాలు, చెరువు కింది మడులు, అఖండదీపానికిచ్చిన ఆవులు. ఇవేవీ విగ్రహం కింద దొరికేవి కావు.

రక్షిత కట్టడాన్ని ధ్వంసం చేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మీ ఊరి పాత గుడిలో రాత్రిపూట తవ్వకం కనిపిస్తే పూజ చేయిస్తున్న స్వామీజీ ఎవరని అడగకండి, పోలీసులకు ఫోన్ చేయండి.