పందెపు నియమము – అభిమానుల తీర్పు

సాయంకాలము కళాశాలలు విడిచిన పిమ్మట మైలవరము టీ దుకాణముల యొద్ద చెలరేగు వాదములలో నేడు మోటారు సైకిలు పందెములకును చోటున్నది. రోసీ గొప్పవాడా, మార్క్వెజ్ గొప్పవాడా? హోండా జట్టు ఏల వెనుకబడెను? డుకాటీ బండికి అంత వేగమెట్లు వచ్చెను? పెద్దలకీ పేర్లు నోరు తిరుగవు. పనిలేని ముచ్చటలని పెదవి విరుతురు.

ఆ విరుపు న్యాయము కాదు. ఈ మెట్టసీమలో ఎడ్ల బండలాగుడు పోటీలనాడు ఆ పెద్దలే ఎద్దు నోరు తెరచి, అది రెండుపండ్ల విభాగమునకు చెందునో నాలుగుపండ్ల విభాగమునకు చెందునో తేలువరకు పట్టు విడువరు. బండ ఎన్ని అడుగులు కదలినదో ఏండ్లు గడచినను ఒప్పజెప్పుదురు. కుర్రవారి ధారణయు అట్టిదే. ఆదివారపు పందెమున మొదటివానికి 25 పాయింట్లు, రెండవవానికి 20. 2023 నుండి శనివారము జరుగు పొట్టి పందెమున 12, 9. ఆ యేడు సెప్టెంబరు 24న గ్రేటర్ నోయిడాలో జరిగిన భారత పందెమును ఎండకు వెరచి 24 చుట్లనుండి 21కి తగ్గించిరనియు, బెజెక్కీ గెలిచెననియు వారికి కంఠస్థము. పద్యము రాలేదని దండించు ఉపాధ్యాయుడు ఒకమారు దీనిని గమనింపవలెను.

లోపము వేరొకచోట నున్నది. నియమమును ఎరుగుట ఒకటి, అది తనవాని మీదికి వచ్చినపుడు ఒప్పుకొనుట మరియొకటి. 2025 ఏప్రిల్‌లో కతార్ పందెమున కె.టి.ఎం. బండిపై వినాలెస్ రెండవవాడుగా గీత దాటెను. ముందు చక్రములోని గాలి ఒత్తిడి కనీసము 1.80 బార్ ఉండవలెననియు, నూటికి అరువది చుట్లలో అది తగ్గరాదనియు నియమము. అతని చక్రమున తగ్గినది. 16 సెకండ్లు చేర్చగా రెండవ స్థానము పదునాలుగవదయ్యెను. ఇందలి చమత్కారము చూడుడు. గుంపు వెనుక నడచు బండి చక్రము వేడెక్కి ఒత్తిడి పెరుగును. అందరికన్న ముందుండి చల్లగాలిలో సాగు బండికి అది తగ్గును. వెనుకనుండుటకు లెక్కగట్టుకొని బయలుదేరినవాడు బాగుగ నడపి ముందుకు వచ్చుటయే అతనికి ముప్పు. అభిమాని కడుపు మండుట సహజమే. కాని టైరు పగిలి పడిపోవునది మనిషి. ఇదే శిక్ష ఎదుటి జట్టువానికి పడినచో ఆ అభిమానియే చప్పట్లు చరచును.

2015 అక్టోబరులో సెపాంగ్‌లో రోసీకి పడిన శిక్షయు అట్టిదే. మార్క్వెజ్ పడిపోవుటకు అతడు కారకుడని అధికారులు నిర్ణయించిరి. వలెన్సియాలో చిట్టచివర నుండి బయలుదేరవలసివచ్చెను. అయిదు పాయింట్ల తేడాతో లోరెంజో జగజ్జేత యయ్యెను. పదేండ్లు దాటినను ఆ తగవు తెగలేదు. ఇరుపక్షములలో నియమమును విప్పి చదివినవారు ఎందరు? (తిక్కన పక్షమనియు పోతన పక్షమనియు చీలి, రెండవవాని గ్రంథము తెరువక వాదించు పండితులు లేకపోలేదు, కనుక ఈ విషయమున తెలుగు ఉపాధ్యాయుడు కొంత మెత్తగా మాటలాడుట మేలు.)

తనవాడు అన్నచోట తానే ఉన్నపుడు పరీక్ష ఇంకను కఠినము. పసుపు జెండా ఊపినచోట ముందు బండిని దాటరాదని ఎరిగినవాడే ఇబ్రహీంపట్నము నుండి తిరువూరు పోవు 30వ జాతీయ రహదారిపై మలుపులో లారీని దాటును. 2018 నుండి పందెగాండ్ర దుస్తులలో గాలిసంచి తప్పనిసరి చేసిరని చెప్పువాని శిరస్త్రాణము పెట్రోలు టాంకు మీద నుండునే గాని తల మీద నుండదు. రహదారిపై పందెము వేసినవానికి మోటారు వాహనముల చట్టము 189వ విభాగమున జైలో, జరిమానాయో, రెండునో విధించునన్న మాట ఈ చర్చలలో వినబడదు.

నందిగామ, జగ్గయ్యపేట పాఠశాలలలో వక్తృత్వపు పోటీలకు విషయములు దొరకవని మొరపెట్టుకొను ఉపాధ్యాయులు ఈ కతార్ తగవును ఇచ్చి చూడవచ్చును. అయితే వినాలెస్ అభిమానికి శిక్షను సమర్థించు పక్షమే ఇయ్యవలెను. మరునాటి విషయము శిరస్త్రాణము; దానిని సమర్థించుటకు లేవవలసినవాడు దానిని టాంకు మీద పెట్టుకొని బడికి వచ్చినవాడే.